పిల్లలు పాత నాటకాలు ఆడితే మార్కులు దేనికి వేయాలి?

తొమ్మిదో తరగతి తెలుగు (ప్రశ్న):

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఈసారి ప్రాజెక్టు పని కింద పిల్లలచేత పాత నాటకాల్లోని ఘట్టాలు ఆడించాను. ఆరు జట్లు, మూడు ఘట్టాలు. ఒక్కో ఘట్టం రెండేసి జట్లకు. గురజాడ ‘కన్యాశుల్కం’ రెండో అంకంలో వెంకటేశం ఇంట్లోవాళ్ల ముందు ఇంగ్లీషు మాట్లాడి చూపించే చోటు, కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయం’లో కట్నం బేరం, తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగం’లో కృష్ణరాయబారం. ఎవరికి ఏది అన్నది చీటీలు తీయించి తేల్చాను. బెంచీలు గోడవారకు జరిపి, నల్లబల్ల ముందు చోటు చేసుకుని ఆడేశారు. సరదాగా గడిచింది. మార్కుల రిజిస్టరు ముందు పెట్టుకునేసరికి చిక్కు మొదలైంది. 10 మార్కులు వేయాలి. దేనికి?

మొదటి చిక్కు వెంకటేశం. ఒక జట్టులో ఆ వేషం వేసిన అబ్బాయి నిరుటి దాకా ఇంగ్లీషు మీడియం బడిలో చదివాడు. ఆ ఇంగ్లీషు ముక్కలన్నీ తడుముకోకుండా, చక్కటి ఉచ్చారణతో అప్పజెప్పాడు. తరగతిలో ఒక్కరూ నవ్వలేదు. రెండో జట్టు వెంకటేశానికి నిజంగానే ఇంగ్లీషు చదవడం రాదు. ఒక్కో మాట నోట్లోంచి ఊడిపడ్డట్టు అంటూ, రెండు మాటలకొకసారి గురువు గిరీశం వైపు చూస్తూ, జారిపోతున్న లాగు పైకి లాక్కుంటూ ఆడాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. అయితే ఆ నవ్వులో సగం వెంకటేశాన్ని చూసి, సగం వాణ్ని చూసి. అది వాడికీ తెలిసింది. అయిపోయాక వెళ్లి తన చోట కూర్చుని తల ఎత్తలేదు. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ వేయను? మొదటి అబ్బాయి అప్పుడే అడిగాడు: “ఒక్క తప్పు కూడా లేదు కదా మేడమ్?”

రెండో చిక్కు పద్యం. ఒక కృష్ణుడి తాతగారు హార్మోనియం వాయిస్తారు. మనవడు రాగం తీసి ఉత్పలమాల ఎత్తుకోగానే పక్క తరగతి పంతుళ్లు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. రెండో కృష్ణుడికి గొంతు మారే వయసు. రెండో పాదంలోనే గొంతు చీలిపోయింది. ఒక్క క్షణం ఆగి, ఇక పాడటం మానేసి, మిగతా పద్యమంతా మాటలాగా చదివాడు. యుద్ధం వస్తే ఏమవుతుందో చెప్పే దగ్గర గొంతు తగ్గించి కర్ణుడి వైపు తిరిగాడు. నేను నేర్పలేదు.

ఇక వరవిక్రయం. ఒక జట్టు నాటకాల సామాను అద్దెకిచ్చే దుకాణం నుంచి జరీ కండువాలు, వెండి పొన్నుకర్ర తెచ్చుకుంది. రెండో జట్టుకు ఉన్నది ఇంటి తువాలు. ఆ రెండో జట్టు పెళ్లికూతురు కాళిందిని తలుపు వెనక నిలబెట్టింది. మేము తీసుకున్న ముక్కలో ఆమెకు ఒక్క మాటా లేదు. బేరం అంకె పెరిగినప్పుడల్లా ఆ పిల్ల తలుపు రెక్కను కొద్దికొద్దిగా మూస్తూ వచ్చింది. కాళింది తల్లి భ్రమరాంబగా వేసింది మగపిల్లవాడు. ఈలలు వేశారు, వాడు చలించలేదు.

సాయంగా కూర్చోమని మా లెక్కల మాస్టారిని అడిగితే, పొన్నుకర్ర పట్టుకున్న మగపెళ్లివారి లింగరాజుకు 10కి 10, కాళిందికి 3 వేసిచ్చారు. “మాట్లాడని పిల్లకు అంతకన్నా ఏం వేస్తాం?” అన్నారు. నాకు ఒప్పుదల కాలేదు, కానీ ఎందుకు కాలేదో కాగితం మీద పెట్టలేకపోతున్నాను. ఇలాంటివి చేయించినవాళ్లు ఉంటే చెప్పండి. జట్టుకంతటికీ ఒకే మార్కా, విడివిడిగానా అన్నది కూడా.

పాత పరిషత్తు:

అమ్మా, నేను పంతుల్ని కాను. బ్యాంకులో పనిచేస్తూ నాటకాలు ఆడినవాణ్ని. తరవాత చాలా పోటీల్లో న్యాయనిర్ణేతల బల్ల దగ్గర కూర్చున్నాను కాబట్టి ఆ అనుభవం చెబుతాను.

తెనాలిలో 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిన దగ్గర్నుంచి మనవాళ్లకు నాటకానికి మార్కులు వేయడం అలవాటే. కానీ పోటీల్లో ఒక సౌకర్యం ఉంది. ప్రదర్శనకు వేరు, దర్శకత్వానికి వేరు, నటుడికీ నటికీ వేరు, ప్రతినాయకుడికి, హాస్యానికి, రంగాలంకరణకు, సంగీతానికి దేని బహుమతి దానిదే. జరీ కండువా బాగుంటే ఆ మెప్పు దాని పద్దులోకి పోతుంది, నటుడి పద్దులో పడదు. మీకున్నది ఒకటే అంకె. అన్నీ అందులోనే పోసేసరికి మీ లెక్కల మాస్టారు పొన్నుకర్రకు మార్కులు వేశారు. ఆయన తప్పేమీ లేదు, కంటికి ముందు కనపడేది అదే.

అభినయాన్ని మనవాళ్లు ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం, అలంకరణ), సాత్త్వికం (లోపలి భావం) అని నాలుగుగా విడదీశారు. తరగతి గదిలో ఆహార్యానికి సున్నా పెట్టండి. అది తండ్రి జేబుకు వేసే మార్కు. వాచికంలోంచి సంగీతాన్ని తీసేయండి. పద్యనాటకంలో రాగానిదే రాజ్యమైన రోజులు నేను చూశాను. జనం వన్స్‌మోర్ అంటే అప్పుడే చచ్చిపడిన పాత్ర లేచి పద్యం పాడి మళ్లీ పడుకున్న ముచ్చట్లు ఊరూరా చెబుతారు. పాట బాగుండేది, చావు మాత్రం అభాసుపాలయ్యేది. మీ రెండో కృష్ణుడు గొంతు చీలాక చేసిన పని ఉంది చూశారా, అది వాచికం. రాయబారానికి వచ్చినవాడు కచేరీ చేయడానికి రాలేదు. సభలో ఎవరికి ఏ మాట తగలాలో చూసి అనాలి. ఆ పిల్లవాడు కర్ణుడి వైపు తిరిగాడంటే పద్యం అర్థమైంది.

ఒక్క సంగతి అడుగుతాను. కృష్ణులిద్దరి గురించీ రాశారు. ఆ పద్యం నడుస్తున్నంతసేపూ దుర్యోధనులు ఏం చేస్తున్నారు? మీరు ఒక్క ముక్కా రాయలేదు. నేను బల్ల దగ్గర కూర్చుంటే మాట్లాడేవాణ్ని సగంసేపే చూస్తాను, మిగతా సగం వినేవాణ్ని చూస్తాను. తన వంతు ఎప్పుడు వస్తుందా అని పెదవులు కదుపుకుంటూ నిలబడ్డవాడు అప్పజెబుతున్నాడు. ఎదుటివాడి మాటకు మొహం మారినవాడు ఆడుతున్నాడు. మీ కాళింది రెండో రకం. ఆ తలుపు రెక్కకు నేనైతే 9 వేస్తాను.

ఆడవేషం వేసిన అబ్బాయికి ఒక మాట చెప్పండి. స్థానం నరసింహారావు గారు సత్యభామగా, చింతామణిగా ఆడి పేరు తెచ్చుకున్నవారే. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. ఈలలు వేసినవాళ్లకు కూడా ఇది చెప్పవచ్చు.

మరొకటి, ఎవరు ముందు ఆడారో చూసుకోండి. పోటీల్లో మొదటి రాత్రి ఆడిన సమాజానికి ఎప్పుడూ చేయి బిగించే మార్కులు పడతాయి, ముందు ముందు ఇంకా మంచివి వస్తాయేమో అని. నేను అందరివీ చూసేదాకా అంకె వేయను, ఊరికే రాసుకుంటాను.

పాలమూరు పంతులు:

పరిషత్తు మాస్టారి మాటల్లో చాలావాటితో ఏకీభవిస్తాను, ఆహార్యం దగ్గర తప్ప. అద్దె కిరీటానికి సున్నా సరే. కానీ మా బడిలో ఒక పిల్ల పాత క్యాలెండరు అట్టతో ‘కన్యాశుల్కం’లోని పిసినారి లుబ్ధావధాన్లుకు డబ్బుల పెట్టె చేసి, మూత ఎంత తీసినా సగమే తెరుచుకునేలా లోపల దారం కట్టింది. అడిగితే “ఆయన పెట్టె పూర్తిగా తెరవడు సార్” అంది. దానికి సున్నా వేయడానికి నాకు చేయి రాదు. కొన్నదానికి వద్దు, ఆలోచించి చేసినదానికి వేయండి.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది యాస గురించి. ‘కన్యాశుల్కం’ విజయనగరం మాట. 1892లో మొదట ఆడింది అక్కడే. ఇప్పుడు మనం చదివే 1909 నాటి రూపం అయితే ఆ ప్రాంతపు ఇళ్లలోని మాటను ఇంకా నిండుగా పట్టుకుంది. శ్రీకాకుళం పిల్లవాడికి అందులో సగం ఇంట్లో విన్నదే. మా పాలమూరు పిల్లవాడికి అది పరాయి పలుకు. ఒకసారి చూడటానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన మా గిరీశానికి ‘యాస కుదరలేదు’ అని రెండు మార్కులు కోయమన్నారు. కోయలేదు. పుట్టిన ఊరికి మార్కులు వేసినట్టవుతుంది. పైగా, అరువు యాస కోసం తంటాలు పడే పిల్లవాడు అర్థం వదిలేసి శబ్దం పట్టుకుంటాడు. మాట స్పష్టంగా చివరి బెంచీకి అందిందా, పాత్ర దాన్ని ఎందుకు అంటోందో తెలిసి అన్నాడా, ఈ రెండే చూస్తాను.

తెలిసి అన్నాడో లేదో ఎలా పట్టుకోవడం? అడుగుతాను. ఆడటం అయ్యాక ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి రెండు నిమిషాలు. ప్రశ్నలు పరీక్ష ప్రశ్నల్లా ఉండకూడదు. ‘ఈ మాట నువ్వు ఎవరు వినాలని అంటున్నావు?’, ‘ఇక్కడ ఆగావు, ఎందుకు?’, ‘నీ పాత్రకు ఈ గదిలో ఎవరంటే పడదు?’ ఇలా. ఒకసారి వెంకటేశం తల్లి వెంకమ్మ వేషం వేసిన పిల్లను “కొడుకు ఇంగ్లీషు విని ఎందుకు అంత మురిసిపోతున్నావు?” అంటే, “నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు కాబట్టి సార్” అంది. పది పేజీల వ్యాసం రాసినా ఆ సమాధానం రాదు. 10లో 4 ఈ మాటలకే పెడతాను. గొంతు లేనివాడూ, సభాకంపం ఉన్నవాడూ, చిన్న వేషం పడ్డవాడూ ఇక్కడ సమానంగా నిలబడతారు.

మీ వెంకటేశాలిద్దరినీ కూడా ఇలాగే పిలవండి మేడమ్. మొదటివాణ్ని ‘వెంకటేశం పరీక్ష ఏమైంది?’ అని అడగండి. పరీక్ష తప్పి ఇంటికి పోవడానికి భయపడుతున్న పిల్లవాడికి అంత చక్కటి ఇంగ్లీషు ఎక్కడిది? ఆ అబ్బాయి తన ఇంగ్లీషు మనకు చూపించాడు, వెంకటేశాన్ని చూపించలేదు. ఒక్క తప్పూ లేకపోవడమే అక్కడ పెద్ద తప్పు. ఈ మాట నొచ్చుకోకుండా చెబితే వాడికి అర్థమవుతుంది, తెలివైనవాడిలా ఉన్నాడు.

రెండోవాడి దగ్గర జాగ్రత్త. వాడు తడబడింది పాత్ర కోసమా, తనకు రాకనా అన్నది వాడికే తెలుసు. నలుగురిలో అడగవద్దు. లాగు సంగతి అడగండి. కావాలని లాక్కున్నానంటే వాడు నటుడు.

వెనక బెంచీ:

నేను ఇంటర్ రెండో సంవత్సరం. పదో తరగతిలో మాచేత హరిశ్చంద్ర ఆడించారు. నాకు ఏ వేషమూ ఇవ్వలేదు, ప్రాంప్టింగ్ ఇచ్చారు. బీరువా వెనక కూర్చుని అందరి మాటలూ అందించాను. హరిశ్చంద్రుడు ఒక పద్యంలో రెండు పాదాలు మింగేస్తే నక్షత్రకుడికి తరవాతి మాట ముందే అందించి గట్టెక్కించాను. అందరికీ 8, 9 వచ్చాయి, నాకు 4. ‘నువ్వు ఆడలేదు కదా’ అన్నారు. నాటకం మొత్తం వచ్చినది తరగతిలో నాకొక్కదానికే.

మేడమ్, మీ ఆరు జట్లలో తెర వెనక ఎవరున్నారో రాయలేదు. వాళ్లను కూడా ఆ రెండు నిమిషాలకు పిలవండి.

ఇంకొకటి. అందరి ముందు నిలబడితే నాకు చేతులు వణుకుతాయి. కొందరికి ఇది భయం మాత్రమే కాదు, ఒళ్లు మొరాయించడం. అలాంటివాళ్లు ఒక్క మిత్రుడి ఎదుట, లేదా మేడమ్ ఒక్కరి ఎదుట ఆడితే తీసుకోవచ్చు కదా?

ఉన్నమాట:

పది మార్కులకు ఇంత మథనం అవసరమా? పిల్లలు నవ్వారు, ఆడారు, ఇంటికి వెళ్లి చెప్పుకున్నారు. అందరికీ 9 వేసి సంతకం పెట్టేయండి. కళకు తూకం వేయబోతే కళా మిగలదు, తూకమూ మిగలదు.

తొమ్మిదో తరగతి తెలుగు:

ఉన్నమాట గారూ, అందరికీ 9 వేస్తే నష్టపోయేది ఎవరో తెలుసా? తలుపు వెనక పిల్ల. ఆమె చేసినది ఎవరూ చూడలేదనే అనుకుంటుంది. మార్కు కోసం కాదు, చూశానని చెప్పడానికి వేరే దారి బడిలో నాకు లేదు. జట్టుకంతటికీ ఒకే మార్కు కూడా అందుకే వద్దనుకుంటున్నాను. వెనక బెంచీ, నువ్వు రాసింది చదివాక తెర వెనక పిల్లల పేర్లు వెతికి రాసుకున్నానమ్మా. ఒకరి ఎదుట ఆడే వెసులుబాటు కూడా వచ్చేసారి తప్పకుండా ఇస్తాను. మిగతావారికి, అడిగి చూసి వచ్చి చెబుతాను.

తొమ్మిదో తరగతి తెలుగు (మళ్లీ):

అందరినీ పిలిచి అడిగాను. మధ్యాహ్న భోజనం గంటలూ, ఆటల పీరియడూ దానికే పోయాయి. పీఈటీ గారు కొంచెం గుర్రుగా ఉన్నారు.

చివరికి ఇలా వేశాను. అడిగిన మాటలకు 4. రంగంలో ఉన్నంతసేపూ, ముఖ్యంగా తనకు మాట లేనప్పుడు, పాత్రగా ఉన్నందుకు 3. మాట అర్థంతో చివరి బెంచీకి అందినందుకు 2. తెర వెనకవాళ్లకు ఈ 3, 2 రెండూ వాళ్లు చేసిన పనికి; కాళిందిలా మాటే లేని వేషానికి ఆ 2 కూడా చేసిన పనికే. సొంతంగా ఆలోచించి చేర్చిన ఒక్క ముక్కకు 1, అది అట్టపెట్టె కావచ్చు, తలుపు రెక్క కావచ్చు. రాగానికీ అద్దె సామానుకూ యాసకూ ఏమీ లేదు. ఇది పిల్లలకు ముందే చెప్పి ఉంటే ఇంకా బాగుండేది. వచ్చేసారి చీటీలతో పాటే చెబుతాను.

లాగు గురించి అడిగాను. వాడు నవ్వాడు. “మా తమ్ముడు ఎవరైనా ఏమైనా అడిగితే ఇట్లాగే లాక్కుంటాడు మేడమ్, చూసి పెట్టుకున్నా” అన్నాడు. మరి ఇంగ్లీషు తడబాటు? కాసేపు నేల చూసి, “అది నాదే. కానీ దాన్ని దాచుకోకుండా వాడేశా” అన్నాడు. 4కు 4 వేశాను. నలుగురూ నవ్వినప్పుడు తల దించుకున్నవాడు ఇది చెబుతున్నప్పుడు నా మొహంలోకి చూశాడు.

చక్కటి ఇంగ్లీషు అబ్బాయికి పరీక్ష తప్పిన సంగతి గుర్తు చేస్తే ముందు వాదించాడు. తరవాత “అయితే నేను ఒకే వాక్యం వచ్చినవాడిలా, దాన్నే తిప్పితిప్పి అనాల్సింది” అన్నాడు. మళ్లీ ఆడతానన్నాడు. ఆడనిచ్చాను. మొదటి మార్కు మీద రెండు పెరిగాయి.

దుర్యోధనుల సంగతి, పరిషత్తు మాస్టారూ. ఒకడు మీరు చెప్పినట్టే పెదవులు కదుపుకుంటూ నిలబడ్డాడట, వాడే ఒప్పుకున్నాడు. రెండోవాణ్ని నేను నిజంగా చూడలేదు, కృష్ణుణ్నే చూస్తూ ఉండిపోయాను. పక్కనున్న పిల్లలను అడిగితే, కృష్ణుడు కర్ణుడి వైపు తిరగ్గానే వాడు చేయి చాచి కర్ణుడి భుజం పట్టుకున్నాడన్నారు. ముగ్గురు వేరువేరుగా అదే చెప్పారు. అందుకని రంగంలో ఉన్నందుకు వాడికి పూర్తి మార్కు. పిల్లల సాక్ష్యం మీద మార్కు వేయవచ్చా అని మా లెక్కల మాస్టారు అడిగారు. చూడనిదానికి సున్నా వేయడం కన్నా నయం అన్నాను.

తలుపు రెక్క ఆలోచన మాత్రం కాళింది వేసిన పిల్లది కాదు. ఆ జట్టులో ఏ వేషమూ పడని అమ్మాయి, పుస్తకం పట్టుకుని మాటలు అందించినది. “కాళింది ఇంట్లోనే ఉంటుంది కదా మేడమ్, వినిపించకుండా ఎట్లా ఉంటుంది?” అంది. ఆ ఒక్క మార్కు ఆమెకు, రెక్కను అంత నెమ్మదిగా మూసినందుకు 3కు 3 కాళిందికి. కాళిందికి మొత్తం 9 వచ్చింది, పరిషత్తు మాస్టారు చెప్పిన అంకే. లెక్క వేరే దారిన వచ్చింది.

ఇక తెగని సంగతి. హార్మోనియం తాతగారు నిన్న బడికి వచ్చారు. మనవడికి 7 పడింది. ఒక సమాసానికి అర్థం అడిగితే చెప్పలేకపోయాడు, పద్యం అయ్యాక చప్పట్ల కోసం మా వైపు తిరిగి నిలబడ్డాడు. తాతగారు కోపంగా రాలేదు. కుర్చీలో కూర్చుని నిదానంగా అడిగారు: “అమ్మా, గొంతు దేవుడిచ్చినది కాబట్టి మార్కు లేదన్నారట. తెల్లవారుజామున లేపి సాధన చేయిస్తున్నాను. పరీక్షకు చదివినవాడి కష్టానికి మార్కు ఉంది, పాటకు పడ్డ కష్టానికి లేదా?” నా దగ్గర గబుక్కున జవాబు లేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉందా?

పాత పరిషత్తు:

పెద్దాయన అడిగినది న్యాయమైన ప్రశ్న. పాట కష్టమే, దేవుడిచ్చింది కొంతే. కానీ ఆ కష్టం మీ తరగతిలో పడ్డది కాదు, మీరు నేర్పినదీ కాదు. మిగతా పిల్లలకు తెల్లవారుజామున లేపే తాత లేడు. మీరు నేర్పని విద్యకు మార్కులు పెడితే, ఇంట్లో నేర్పించుకోగలిగినవాడికి పెట్టినట్టే.

ఆయన్ని బడికి పిలవండి. రాయబారం పద్యం ఒక్కటి తరగతికంతటికీ నేర్పమనండి, రాగంతో కాదు, ముందు ఎక్కడ ఆగాలో, అర్థం ఎక్కడ విరగాలో. పాతకాలపు హార్మోనిస్టులకు నటుల కన్నా అది బాగా తెలుసు. అందరికీ నేర్పాక దానికి మార్కు పెట్టుకోవచ్చు.

తొమ్మిదో తరగతి తెలుగు:

అడిగాను మాస్టారూ. శనివారం వస్తానన్నారు, పెట్టె మోయడానికి ఇద్దరు పిల్లలను పంపమన్నారు. మనవడి 7 గురించి వెళ్తూ వెళ్తూ ఇంకోసారి అడిగారు. 7 అలాగే ఉంచాను.